మగ్గము తొక్కే పాదములు: ఇంటిలో చేసికొనదగిన సంరక్షణ

(ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి, మహదేవపుర, బెంగుళూరు)

చేనేతవారి పని అనగానే లోకము చేతులనే తలచుకొనును. చేనేత అను పేరులో చేయి ఉన్నది గాని కాలు లేదు. గుంటమగ్గము మీద కూర్చున్నవారికి మాత్రము తెలియును, కాలు కదలనిదే చేతికి పని లేదని. ఒక చిన్న లెక్క చూడండి. అంగుళమునకు 60 పేక పోగులు పడే సాదా చీర ఆరు గజముల పొడవు, అనగా 216 అంగుళములు, నేయుటకు 12,960 పోగులు వేయవలెను. పోగు పోగునకు ఒక తొక్కుడు. అనగా ఒక్క చీర దిగునప్పటికి రెండు పాదములు కలిసి దాదాపు 13 వేల మారులు తొక్కుచున్నవి. నెలకు నాలుగు చీరలు నేసినచో 50 వేలు దాటును. నాడె విరిగిన ఇంకొకటి కొనవచ్చును. అచ్చు పాడైన మరొకటి కట్టించవచ్చును. పాదమునకు మారు పాదము ఏ అంగడిలోను దొరకదు.

అట్టి పాదమును మనము చూచుకొను తీరు ఎట్లున్నది? పడుగుకు గంజి పెట్టునప్పుడు పోగు పోగును పరిశీలించెదము. నాడెకు నూనె రాసెదము. పాదమును మాత్రము, నొప్పి పుట్టి పని ఆగిన దినమున గాని తిరిగి చూడము. గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకొనుట అని పెద్దలు అన్నది ఇట్టి సందర్భములకే. పాదముల విషయములో ఆ సామెత అక్షరాల నిజమగుచున్నది. గోరు సరిగా తీయనందువలన పుట్టిన చిన్న పుండు, శ్రద్ధ లేక, వేలు తీసివేయువరకు పోయిన సందర్భములు మన కుటుంబములలో ఉన్నవి.

నేను ఉండు ఈ మహదేవపుర పరిసరములకు ధర్మవరము, హిందూపురము, మదనపల్లె వైపులనుండి వచ్చిన మన కుటుంబములు కొన్ని ఉన్నవి. తండ్రి ఊరిలో ఇంకను మగ్గము నేయుచుండగా కుమారుడు ఇక్కడ కంపెనీ గేటు వద్ద బూట్లతో పన్నెండు గంటలు నిలుచును. కోడలు గార్మెంట్సులో కుట్టుమిషను తొక్కును. ముగ్గురి పనులు వేరు, ముగ్గురి పాదముల బాధలు వేరు. చేసికొనవలసిన సంరక్షణ మాత్రము చాలవరకు ఒకటే. దానికి ఖర్చు స్వల్పము, కాలము దినమునకు పది నిమిషములు.

గుంటలో పాదమునకు జరుగునది

ఒక్కొక్క పాదములో 26 ఎముకలు ఉన్నవి. మన శరీరములోని 206 ఎముకలలో నాలుగవ వంతు రెండు పాదములలోనే ఉన్నవన్నమాట. ఇన్ని చిన్న ఎముకలు, కీళ్ళు ఉండుటచేతనే పాదము మెత్తగా వంగి పలకను తొక్కగలుగుచున్నది. అయితే తొక్కుడు బరువంతయు బొటనవ్రేలి మొదట, ముందుపాదము క్రింద పడును. అదే చోట ఏండ్ల తరబడి ఒరిపిడి కలుగుటచే చర్మము గట్టిపడి ఆనెకాయ కట్టును. గుంట అంచుకు పిక్కలు, మోకాళ్ళ వెనుక భాగము ఆనుకొని ఉన్నచో రక్తము పైకి ఎక్కుటకు అడ్డు కలిగి సాయంత్రమునకు కాళ్ళు బరువెక్కి వాచును. గుంటలో చెమ్మ ఉన్నచో వేళ్ళ సందులు నానిపోవును. నూలు దుమ్ము చెమటతో కలిసి గోళ్ళ క్రింద చేరును. తేళ్ళు, జెర్రుల సంగతి చెప్పనక్కరలేదు.

వీనిలో చాలవాటికి మందు మగ్గము వద్దనే ఉన్నది. గుంటను వారమునకొకమారు ఊడ్చి ఎండనిచ్చి, గోడలకు సున్నము కొట్టుచుండవలెను. అడుగున చెమ్మ ఊరుచున్నచో ఇసుక పోసి దానిమీద ఎండిన గోనెపట్టా పరచి, తడిసిన వెంటనే మార్చవలెను. తొక్కే పలకల అంచులు గరుకుగా ఉన్నచో గరుకు కాగితముతో రుద్ది నునుపు చేసి, పాత మెత్తని నూలుగుడ్డ బిగువుగా చుట్టవలెను. మేకు తలలు పైకి లేచినవేమో చూడవలెను. గుంట అంచున ఒక మెత్త వేసికొనవలెను. ఉదయము కూర్చొనుటకు ముందు దీపము వేసి గుంటలోనికి చూడవలెను. గంటకొకమారు లేచి నాలుగడుగులు నడిచి, మరల కూర్చొనునప్పుడు చీలమండలను పైకి క్రిందికి ఇరువది మారులు ఆడించినచో కాళ్ళవాపు చాలవరకు తగ్గును.

వాపు విషయములో ఒక హెచ్చరిక. రెండు కాళ్ళు సాయంత్రము కొంచెము వాచి తెల్లవారునప్పటికి తగ్గినచో అది కూర్చున్న పని వలన కావచ్చును. ఒక్క కాలే హఠాత్తుగా వాచి పిక్క నొప్పి పెట్టినచో రక్తనాళములో గడ్డకట్టి ఉండవచ్చును. రెండు కాళ్ళ వాపుతోపాటు ఆయాసము ఉన్నచో గుండె, మూత్రపిండముల వ్యాధి కావచ్చును. ఈ రెండింటిలోను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

దినచర్య

రాత్రి పని ముగిసిన తరువాత పాదములను సబ్బుతో, మామూలు నీటితో గాని గోరువెచ్చని నీటితో గాని కడుగవలెను. మడమలు, వేళ్ళ సందులు, గోళ్ళ మొదళ్ళు మరువరాదు. కడిగినదానికంటె ముఖ్యమైనది తుడుచుట. నేతవారి ఇంట మెత్తని నూలుగుడ్డకు కొదువ లేదు. అందులో ఒక ముక్కను పాదములకే ప్రత్యేకించి, ఒక్కొక్క సందులో దూర్చి తడి లేకుండ తుడువవలెను. తరువాత కొబ్బరినూనెయో వాసెలినో మడమలకు, అరికాలికి, పైపాదమునకు పలుచగా పట్టించవలెను. వేళ్ళ సందులలో నూనె రాయరాదు. అక్కడ పొడిగా ఉండుటయే మేలు. నూనె రాసిన కాలితో గచ్చు మీద నడిచి జారిపడకుండ, పడుకొనబోవు ముందు రాసికొనుట మంచిది.

తుడుచుకొనునప్పుడే పాదమును చూచుకొనవలెను. పుండు, బొబ్బ, ఎరుపు, రంగు మారుట, ముల్లు, పగులు ఏదైన ఉన్నదా? అరికాలు కనబడకున్నచో క్రింద ఒక అద్దము పెట్టుకొని చూడవచ్చును. వృద్ధుల పాదములను పిల్లలు చూడవలెను. తాతగారి పాదములు చూచుట పదేండ్ల మనుమడికి భారము కాదు, వాని కండ్లు తాతగారి కండ్లకంటె చురుకైనవి కూడ.

గోళ్ళు తీయు పద్ధతి

కాలిగోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే పెరుగును. చేతిగోరు దానికి రెట్టింపు వేగముతో పెరుగును. బొటనవ్రేలి గోరు ఊడిపోయినచో మరల పూర్తిగా వచ్చుటకు ఏడాది నుండి ఏడాదిన్నర పట్టును. కనుక గోరును పాడుచేసికొనుట సులభము, తిరిగి తెచ్చుకొనుట కష్టము.

స్నానము చేసిన తరువాత గోరు మెత్తగా ఉండును. అప్పుడే తీయవలెను. చేతిగోళ్ళవలె గుండ్రముగా కత్తిరింపక, అడ్డముగా, తిన్నగా కత్తిరించవలెను. వ్రేలి చివరకంటె లోపలికి పోనీయరాదు. మూలలలో కత్తెర మొన దూర్చి త్రవ్వరాదు. మూలలు గ్రుచ్చుకొనుచున్నచో ఆకురాయితో కొంచెము నునుపు చేసిన చాలును. బ్లేడుతో గోళ్ళు తీయు అలవాటు మనలో చాలమందికి ఉన్నది. పోగులు కోయుటకు మగ్గము ప్రక్కన పెట్టుకొన్న బ్లేడే గోటికిని వాడుచుందురు. అది పూర్తిగా మానవలెను. గోళ్ళ కట్టరు ఒకటి కొని, వాడిన ప్రతిసారి సబ్బుతో కడిగి ఆరబెట్టుకొనవలెను. ఇంటిలో ఎవరి గోళ్ళకైన బూజుతెగులు ఉన్నచో వారి కట్టరు వేరుగా ఉంచవలెను.

మూలలు త్రవ్వుటచేత, బిగువు బూటు వలన, గోరు అంచు మాంసములోనికి పెరుగును. వ్రేలి ప్రక్క ఎర్రబడి, ముట్టుకొననీయదు. ఆరంభములో దినమునకు రెండు మూడు మారులు గోరువెచ్చని నీటిలో పది నిమిషములుంచి, తుడిచి, వదులు చెప్పులు తొడిగినచో తగ్గవచ్చును. షుగరు ఉన్నవారు ఇట్లు నానబెట్టక, మొదటి దినముననే వైద్యునికి చూపవలెను. చీము పట్టినను, ఎరుపు ప్రాకినను ఎవరైనను వైద్యుని వద్దకు పోవలసినదే. గోరుచుట్టు మీద రోకటిపోటు వంటి దెబ్బ తగిలిన తరువాత పోవుటకంటె ముందు పోవుట మేలు గదా.

గోరు పసుపుపచ్చగా మందమెక్కి, పొడిపొడిగా రాలుచున్నచో అది చాలవరకు బూజుతెగులు. పైపూత మందులతో ఎల్లప్పుడు పోదు. మందు నెలల తరబడి వాడవలసియుండును. గోరు క్రింద దెబ్బ తగలకయే నల్లచార ఏర్పడి వెడల్పగుచున్నచో, అరుదే అయినను, అది క్యాన్సరు కావచ్చును గనుక చూపించుకొనవలెను.

మన స్త్రీలు మెట్టెలు పెట్టుకొను వేళ్ళను ప్రత్యేకముగా చూచుకొనవలెను. మెట్టె క్రింద తడి, సబ్బు నిలిచి చర్మము తెల్లగా నానును. వారమునకొకమారు సబ్బునీటితో మెట్టెను త్రిప్పి కడిగి తుడువవలెను. కాలు వాచినప్పుడు మెట్టె బిగుసుకొని రక్తమును ఆపును. గర్భిణులకు ఈ జాగ్రత్త మరింత అవసరము. బిగుసుకొన్న మెట్టెను వదులు చేయించుటలో అమంగళము ఏమియు లేదు.

ఆనెకాయలు, మడమ పగుళ్ళు

ఆనెకాయను బ్లేడుతో చెక్కుట మన ఇళ్ళలో పాత అలవాటు. దానిని మానవలెను. ఆనెకాయ ఒరిపిడికి చర్మము పెట్టుకొన్న కవచము వంటిది. ఒరిపిడి కారణము తీసివేయనిదే ఎన్ని మారులు చెక్కినను మరల పెరుగును. పలక మీద గుడ్డ, చెప్పులో మెత్తని అట్ట, ఇవి మొదటి చికిత్స. తరువాత స్నానవేళ నానిన ఆనెకాయను నురుగురాయితో మెల్లగా, ఒక్కసారి కాక దినదినము కొంచెముగా రుద్ది నూనె రాయవలెను. మందుల అంగళ్ళలో అమ్ము ఆనెకాయ పట్టీలలో చర్మమును తినివేయు ఆమ్లము ఉండును. షుగరు ఉన్నవారు, పాదములలో స్పర్శ తగ్గినవారు వానిని అంటించరాదు.

మడమ పగుళ్ళకు కారణము చర్మము ఎండిపోవుట, వట్టికాళ్ళతో తిరుగుట, మడమ తెరచిన చెప్పులు. రాత్రి కడిగి తుడిచిన వెంటనే, చర్మములో తేమ ఆరకమునుపే, వాసెలిన్ గాని ఆముదము గాని పట్టించి నూలు మేజోళ్ళు తొడిగి పడుకొనవలెను. రెండు మూడు వారములలో గుణము కనబడును. పగులులోనుండి రక్తము వచ్చుచున్నచో అందులో సున్నము, కాఫీపొడి, కిరసనాయిలు పెట్టరాదు. శుభ్రమైన నీటితో, సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి వైద్యునికి చూపవలెను.

మేకు, ముల్లు దిగినప్పుడు ధనుర్వాతపు టీకా సంగతి మరువరాదు. పెద్దలకు పదేండ్లకొకమారు ఆ టీకా అవసరము. మట్టి, పేడ అంటిన లోతు గాయమైనచో, చివరి టీకా వేసి అయిదేండ్లు దాటినను మరల వేయించుకొనవలెను.

వేళ్ళ సందులు

చెమ్మ గుంటలోను, బిగువు బూటులోను ఒకటే తెగులు పుట్టును. చిటికెనవ్రేలి సందు తెల్లగా నాని, పొరలు లేచి, దురద పెట్టి, వాసన కొట్టును. ఇది బూజుతెగులు. పొడిగా ఉంచుట సగము చికిత్స. మిగిలిన సగము బూజును చంపు పూత మందు. దానిని వైద్యుడు చెప్పినన్ని వారములు, దురద తగ్గిన తరువాత కూడ రాయవలెను. చాలమంది మందుల అంగడివారినడిగి స్టెరాయిడ్ కలిసిన మిశ్రమ క్రీము తెచ్చుకొందురు. రెండు దినములలో దురద పోవును, తెగులు లోలోపల పాకును, తరువాత అసలు మందునకు సులభముగా లొంగదు. అట్టివానిని వైద్యుడు వ్రాయనిదే వాడరాదు.

రంగుల అద్దకము చేయువారికి వేరొక ప్రమాదము ఉన్నది. వ్యాటు, నాఫ్తాలు రంగులలో కాస్టిక్ సోడా వాడుదురు. అది చర్మమును, గోటిని కూడ తినివేయును. కాలిమీద చిందినచో ఆ తడిసిన గుడ్డను, చెప్పును వెంటనే తీసివేసి, పారే నీటి క్రింద ఇరువది నిమిషములకు తక్కువ కాకుండ కడుగవలెను. నిమ్మరసము, వెనిగరు పోయరాదు. రబ్బరు బూట్లు లేకుండ రంగు తొట్టి వద్ద నిలువరాదు. బూటు ధర ఒక్క కాలిన గాయపు వైద్యము ఖర్చుకంటె తక్కువ.

షుగరు ఉన్నవారు తప్పక చదువవలసినది

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వేను బట్టి మన దేశములో 10 కోట్లకు పైగా జనులకు షుగరు జబ్బు ఉన్నది. మరి 13 కోట్లకు పైగా జనులు దాని గుమ్మములో నిలిచియున్నారు. దినమంతయు కూర్చొని పనిచేయు మనవారు దీనికి మినహాయింపు కాదు. షుగరు ఏండ్ల తరబడి అదుపులో లేనిచో పాదముల నరములు మొద్దుబారును, రక్తనాళములు సన్నబడును. నొప్పి తెలియదు, గాయము మానదు. బీడీ, చుట్ట త్రాగు అలవాటు కూడ ఉన్నచో రక్తనాళములు ఇంకను మూసికొనును. షుగరు లేనివారికి సహితము బీడీ ఒక్కదానివలన కాలివేళ్ళు నల్లబడి కుళ్ళు వ్యాధి రావచ్చును.

మాకు తెలిసిన ఒక వృద్ధ నేతగాని చెప్పులో చిన్న మేకు లేచినది. ఆయన ఉదయమునుండి సాయంత్రము వరకు దానిమీదనే నడిచినాడు. ఇంటికి వచ్చి చెప్పు విప్పగా రక్తము చూచి భార్య కేక వేసినది. ఆయనకు నొప్పి తెలియలేదు. నొప్పి లేదు గనుక గాయము చిన్నదని పది దినములు ఊరకున్నారు. చివరకు రెండు వేళ్ళు తీసివేసినారు. ప్రాణము దక్కినది గాని మగ్గము దక్కలేదు. ముందుపాదమునకు పట్టు లేక పలకను సరిగా తొక్కలేకపోయినాడు. నలుబది ఏండ్ల పనితనము చేతులలో అట్లే ఉన్నది, దానిని మగ్గమునకు అందించు కాలు లేదు.

నొప్పి లేకపోవుట వరము కాదు, శాపమని లోకమునకు చాటినవారిలో ముఖ్యుడు డాక్టరు పాల్ బ్రాండ్. 1914లో తమిళదేశములోని కొల్లి కొండలలో పుట్టి, 1946లో మన చిత్తూరు సరిహద్దునకు సమీపమైన వేలూరు వైద్య కళాశాలకు వచ్చి, కుష్ఠరోగుల నడుమ పనిచేసినాడు. రోగుల వేళ్ళు తమంత తాము రాలిపోవుటలేదని, స్పర్శ లేనందున తెలియక తగిలిన గాయములే వానిని తినివేయుచున్నవని ఆయన గ్రహించినాడు. అట్టి పాదములకై మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు వేలూరు, కరిగిరి ఆసుపత్రులలో రూపొందినవి. ఎం.సి.ఆర్. చెప్పులని నేడు షుగరు రోగులకు వైద్యులు వ్రాయుచున్నవి ఆ కోవకు చెందినవే.

స్పర్శ ఉన్నదో లేదో ఇంటిలోనే చూచుకొను సులభమైన పరీక్ష ఒకటి కలదు. ఇంగ్లాండులోని ఇప్స్‌విచ్ పట్టణ వైద్యులు దీనిని 2011లో ప్రచురించినారు. పరికరమేమియు అక్కరలేదు. షుగరు ఉన్నవారు కాళ్ళు చాపి కండ్లు మూసికొనవలెను. ఇంటివారు తమ చూపుడువ్రేలి కొనతో వారి బొటనవ్రేలు, నడిమివ్రేలు, చిటికెనవ్రేలు, ఇట్లు రెండు పాదములలో కలిపి ఆరు వేళ్ళ కొనలను ఒక్కొక్కటిగా, ఒకటి రెండు సెకండ్లపాటు, ఈక వాలినట్లు తాకవలెను. నొక్కరాదు, గుచ్చరాదు, మరల తాకరాదు. తాకినప్పుడెల్ల కుడియో ఎడమయో వారు చెప్పవలెను. ఆరింటిలో రెండు గాని అంతకుమించి గాని తెలియకున్నచో స్పర్శ తగ్గినట్లే. వెంటనే వైద్యునికి తెలుపవలెను. ఆరును తెలిసినను ఏడాదికొకమారు వైద్యునిచేత పాదపరీక్ష చేయించుకొనుట తప్పదు.

షుగరు ఉన్నవారు ఇంటిలో కూడ వట్టికాళ్ళతో నడువరాదు. చెప్పు తొడుగుటకు ముందు తలక్రిందులు చేసి దులిపి, లోపల చేయి పెట్టి చూడవలెను. వేడినీటిలో కాలు పెట్టరాదు. నీటి వేడిని మోచేతితోనో ఇంటివారిచేతనో చూపించవలెను. కాళ్ళకు కాపడము పెట్టరాదు. వేసవిలో గుడి ఆవరణలోని కాలే బండల మీద మందమైన నూలు మేజోళ్ళతో నడువవలెను. దేవుడు అందుకు కోపగించడు. కొండ మెట్ల మ్రొక్కు ఉన్నవారు ముందుగా వైద్యునినడిగి పోవలెను. చూపు మందగించినవారు, స్పర్శ తగ్గినవారు తమ గోళ్ళు తామే తీసికొనరాదు. పాదము మీద ఎంత చిన్న పుండైనను ఆ దినమే, కాదేని మరునాడే వైద్యుడు చూడవలెను. నొప్పి లేకయే ఒక పాదము వాచి, ఎర్రబడి, వేడిగా ఉన్నచో లోపల ఎముకలు దెబ్బతినుచుండవచ్చును. దాని మీద బరువు మోపక ఆసుపత్రికి పోవలెను.

బోదకాలు ఉన్న ఇండ్లు

కోస్తా జిల్లాలలోని మన నేత గ్రామములలో బోదకాలు పాత బాధ. 1955లో జాతీయ ఫైలేరియా నివారణ పథకము ఆరంభమైనది. 2004 నుండి ఊరంతకును ఏటేట మాత్రలు మ్రింగించు కార్యక్రమము నడిచినది. క్రొత్తగా వచ్చువారు తగ్గినారు గాని, పూర్వము వాచిన కాళ్ళు మాత్రలతో తగ్గవు. అట్టివారికి ప్రధానమైన చికిత్స ఇంటిలోనే ఉన్నది. అది పాదము కడుగుటయే. దినమునకు రెండు మారులు సబ్బుతో, మామూలు నీటితో, ప్రతి ముడతను మెల్లగా కడిగి, ఒత్తి తుడిచి, పుండ్లకు మందు రాసి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టి, చీలమండను ఆడించవలెను. చలిజ్వరముతో కాలు ఎర్రబడి వచ్చు పోటుకు కారణము వేళ్ళ సందుల పుండ్లలోనుండి దూరు క్రిములు. కాలు శుభ్రముగా ఉన్నచో ఆ జ్వరములు తగ్గును, జ్వరములు తగ్గినచో వాపు పెరుగుట తగ్గును. ఈ పని ఒక్క దినము చేసి మానునది కాదు, జీవితకాలమంతయు చేయవలసినది.

వరదనీరు

2022 సెప్టెంబరు మొదటి వారములో కురిసిన వానలకు మా మహదేవపుర ప్రాంతములోని అనేక కాలనీలు నీట మునిగినవి. ధనవంతుల ఇండ్లు, కూలివారి షెడ్లు అని నీరు భేదము చూపలేదు. చెరువులు నిండి మురుగుతో కలిసిన ఆ నీటిలో జనులు మోకాలిలోతున నడిచినారు. అట్టి నీటిలో ఎలుకల మూత్రము కలిసియుండును. పగిలిన మడమ, చీలిన వ్రేలి సందు దానికి తెరచిన తలుపులు. ఎలుకజ్వరము ఆ ద్వారముననే ప్రవేశించును. తప్పనిసరిగా దిగవలసినచో బూట్లు తొడిగి, గాయములకు నీరు చేరని పట్టీ వేసి దిగవలెను. వచ్చిన వెంటనే సబ్బుతో కడిగి తుడువవలెను. తరువాత రెండు మూడు వారములలో జ్వరము, పిక్కల నొప్పి, కండ్లు ఎర్రబడుట కనబడినచో వైద్యునితో వరదనీటిలో నడిచిన సంగతి చెప్పవలెను. గుంటలోనికి వాననీరు దిగిన ఊళ్ళలోని నేతవారికి కూడ ఇదే మాట వర్తించును. నీరు తోడి, గుంట ఎండి, సున్నము కొట్టినదాక మగ్గమెక్కరాదు.

మగ్గము వదలి బూటు తొడిగినవారు

గేటు వద్ద నిలుచు మన యువకులకు పగలంతయు కాలు చెమటలో నానుచుండును. రెండు జతల నూలు మేజోళ్ళుంచుకొని దినదినము మార్చవలెను. బూటును ఒకనాడు విడిచి ఒకనాడు తొడిగినచో లోపల ఆరును. అది వీలుకానిచో రాత్రి నాలుక వెనుకకు మడిచి గాలికి ఉంచవలెను. బూటు సాయంత్రము కొనవలెను, అప్పటికి పాదము కొంత ఉబ్బి అసలు కొలత తెలియును. పొడవైన వ్రేలికిని బూటు కొనకును మధ్య అర బొటనవ్రేలి ఎడము ఉండవలెను. కంపెనీవారిచ్చిన బూటు బిగువైనచో మొగమాటపడక మార్చి అడుగవలెను.

సంఘములు చేయదగినవి

చికిత్సకు దూరము పోనక్కరలేదు. బెంగుళూరులో 2023లో వార్డులలో తెరచిన నమ్మ క్లినిక్కులలోను, హైదరాబాదులో 2018 నుండి ఉన్న బస్తీ దవాఖానాలలోను, మన ఊళ్ళ ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలోను షుగరు పరీక్ష ఉచితముగా చేయుదురు. పాదపు పుండు ముదిరినవారికి బెంగుళూరులోనే కర్ణాటక ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎండోక్రినాలజీ అండ్ రీసెర్చ్ అను ప్రభుత్వ సంస్థలో పాదవైద్యమునకు ప్రత్యేక విభాగమున్నది.

ఈ సందర్భమున నారికురుపు కథ జ్ఞాపకము చేసికొనదగినది. బావినీటితో కడుపులో చేరి, ఏడాదికి పాదము చీల్చుకొని బయటపడు ఆ పురుగు రాయలసీమ, తెలంగాణ గ్రామములలో ఎందరినో మంచమున పడవేసినది. దానికి టీకా లేదు, చంపు మందు లేదు. 1983-84లో దేశము దానిపై పూనిక వహించినది. బావులకు మెట్లు మూసి చేతిపంపులు వేసినారు, త్రాగునీటిని గుడ్డలో వడగట్టుట ఇంటింటను నేర్పినారు. చివరి రోగి 1996లో రాజస్థానులో కనబడినాడు. 2000లో భారతదేశము ఆ వ్యాధినుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. మందు లేని వ్యాధిని రెండు పొరల గుడ్డ, ఇంటివారి పట్టుదల కలిసి తరిమినవి. గుడ్డ నేయు మనకు ఇంతకంటె చెప్పవలసినది లేదు.

ఇక సంఘముల వంతు. నూలు ఇచ్చు దినమున, కూలి పంచు దినమున సభ్యులందరు ఎట్లును కార్యాలయమునకు వత్తురు. ఆ దినములలో నెలకొకమారు ఆరోగ్య కార్యకర్తను పిలిపించి నలుబది దాటినవారికి షుగరు పరీక్ష, ఆరు వేళ్ళ స్పర్శ పరీక్ష చేయించవచ్చును. ఫలితమును పాసుపుస్తకము చివరి పుటలో వ్రాసియుంచవచ్చును. రంగుల షెడ్డులో రబ్బరు బూట్లు, ఒక నీటి కుళాయి ఉన్నవో లేవో కార్యవర్గము చూడవలెను. ఇందుకు ప్రభుత్వ ఉత్తర్వు కొరకు ఎదురుచూడనక్కరలేదు.

ఇండ్లలో ఈ రాత్రినుండియే మొదలుపెట్టవచ్చును. ఒక చెంబు నీరు, సబ్బు, పాత నూలుగుడ్డ, కొంచెము నూనె. భర్త పాదములు భార్యయు, భార్య పాదములు భర్తయు, పెద్దల పాదములు పిల్లలును ఒక్క నిమిషము దీపము వెలుగున చూడవలెను. ఏదైన కనబడినచో తెల్లవారి మగ్గమెక్కుటకు ముందు వైద్యుని వద్దకు పోవలెను. ఒక పూట కూలి పోయిన మరునాడు పూడ్చుకొనవచ్చును.